నస ఆపమనే మిషను

నాకు నస ఎక్కువని మా తమ్ముడి అభిప్రాయం. మాట పడిపోయాక కూడా వాడు ఆ అభిప్రాయం మార్చుకోలేదు సరికదా, దాన్ని చెప్పడానికి ఏకంగా ఒక కంప్యూటర్‌ను తయారుచేసుకున్నాడు. నేను షాపు కట్టేసి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే ఆ రోజు తగిలిన కస్టమర్లను వరసబెట్టి తిడుతుంటే, వాడి మంచం పక్కనున్న స్పీకర్లోంచి రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుండే గొంతు వినిపించేది.

“నస ఆపు.”

మా ఇంట్లో వాణ్ణి లాయరు అంటాం. వాడు లా చదవలేదు. ఒక గోడౌన్ల కంపెనీలో ప్రోగ్రామరుగా చేశాడు. కానీ ఎవరేమన్నా ఎదురు వాదించకపోతే వాడికి తిన్నది అరిగేది కాదు. వాన పడుతోందిరా అని అమ్మ అంటే, పడటం లేదు, తగ్గుతోంది అనేవాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఏదో విషయానికి అమ్మాయితో వాదన పెట్టుకుని ఓడిపోయాడు. ఆ ఓడించిన అమ్మాయే మా మరదలు.

వాడిది ఒంట్లో కండరాలు ఒక్కొక్కటే పనిచేయడం మానేసే జబ్బు. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, ఆ తర్వాత నాలుక. డాక్టరు ఆ వరస చెప్పిన సాయంత్రమే వాడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వేళ్ళు వంగనంటున్నా వదల్లేదు. చివర్లో ఒక్క వేలితో కొట్టాడు. అందరికంటే ఆలస్యంగా పోయేది కనుబొమ్మ అని లెక్కేసుకుని, దాంతో మాట్లాడే ప్రోగ్రామ్ రాశాడు.

తెర మీద అక్షరాలు వరసలుగా ఉంటాయి. ఒక వెలుగు పై వరస నుంచి కిందికి దిగుతూ ఉంటుంది. కావలసిన వరస మీదికి రాగానే కనుబొమ్మ ఎత్తితే, వెలుగు ఆ వరసలో అక్షరం నుంచి అక్షరానికి నడుస్తుంది. మళ్ళీ ఎత్తితే అక్షరం పడుతుంది. రోజూ వాడే మాటలకు దగ్గరదారులు పెట్టుకున్నాడు. టకటకా రెండుసార్లు ఎత్తితే “నస ఆపు.” మూడుసార్లు ఎత్తితే “దాన్ని కాసేపు పడుకోనివ్వండి,” అంటే మా మరదల్ని. ఎత్తి అలాగే పట్టుకుంటే “నా మాట ఇంకా అవలేదు.” మనిషికి అవసరమైన మాటలు ఇవేనా, దాహం, నొప్పి లాంటివి వద్దా అని నేనడిగితే, అవి మొహం చూస్తే తెలియాలి అన్నాడు.

కనుబొమ్మ మీద అతికించే స్విచ్ మాత్రం నేను చేశాను. నాది కుట్టుమిషన్ల రిపేరు షాపు. నాన్న దగ్గర నేర్చుకున్న పని. బాబిన్ కేసుకు దారం బిగువు పట్టే పల్చటి స్ప్రింగు రేకు ఒకటుంటుంది. దాన్ని సానబట్టి, చిన్న స్పాంజి మీద కూర్చోబెట్టి, వైరు కలిపాను. కనుబొమ్మ వెంట్రుకవాసి కదిలినా టిక్కుమనేది. మా ఇద్దరి చేతిపనీ అలా ఒకే చోట కలిసింది. అది తలుచుకుంటే నాకు గర్వంగా ఉండేది, ఇప్పుడు చెప్పడానికి సిగ్గెందుకు.

ఇంట్లో అందరికీ ఒక కొత్త అలవాటు వచ్చింది. ఒక మాట అని ఆగుతాం. వెలుగు వరసలు దిగాలి, అక్షరాలు నడవాలి, వాడి జవాబు పడాలి. అంతసేపూ గోడకేసి చూస్తూ ఆగుతాం. నేను షాపులో కూడా అలాగే ఆగిపోయేదాన్ని. ఏం కావాలమ్మా అని అడిగి, వచ్చినావిడ చెప్పేశాక కూడా ఇంకా ఎదురుచూస్తూ నిలబడేదాన్ని. చెవుడేమో అనుకునేవాళ్ళు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, వాడు ఆ ప్రోగ్రామ్ రాసిన భాష పాతది. ఉద్యోగమంతా దాంట్లోనే చేశాడు. చేతులు పోతున్నవాడు కూర్చుని కొత్త భాష నేర్చుకుంటాడా? తెలిసిన దాంట్లోనే రాశాడు. ఆ భాషలో రాసింది ఏది నడవాలన్నా, దాని కింద ఆ భాష అమ్మిన కంపెనీవాళ్ళ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండాలి. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ అది ఇంటర్నెట్లో కంపెనీని అడుగుతుంది, నన్ను నడవమంటారా అని. వాళ్ళు నడువు అంటేనే నడుస్తుంది.

ఒకరోజు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఈ భాషకు ఫలానా తేదీతో సపోర్ట్ ఆపేస్తున్నాం, ఇన్నాళ్ళ మీ ఆదరణకు కృతజ్ఞతలు అని. మరదలు బయటికి చదివి, మొదటినుంచి మళ్ళీ చదివింది. ఆ తేదీ తర్వాత కంప్యూటర్ ఆపి ఆన్ చేస్తే, నడువు అనేవాళ్ళు అక్కడ ఉండరు.

“అంటే ఆపకపోతే నడుస్తుందా?” అన్నాను.

వెలుగు దిగింది, నడిచింది. “నడుస్తుంది.”

“అయితే చచ్చినా ఆపం.”

నాకు ఒళ్ళు మండిపోయింది. కంపెనీ పెట్టినవాడి దగ్గర్నుంచి మెయిల్ టైపు చేసినవాడి దాకా అందరినీ కడిగి ఆరేశాను. వాడు కనుబొమ్మ ఎత్తి పట్టుకున్నాడు. “నా మాట ఇంకా అవలేదు” అంది స్పీకరు. నోరు మూసుకుని ఆగాను.

“కంపెనీ చేసింది తప్పు కాదు. ఆ భాష తెలిసినవాళ్ళు రిటైరైపోయారు. వాళ్ళ చోట నేనున్నా ఆపేవాణ్ణి.”

“నీ పీక మీద కత్తి పెట్టినవాడి తరఫున వాదిస్తావేంట్రా! నీకేమైనా బుద్ధుందా?”

ఈసారి జవాబుకు చాలాసేపు పట్టింది. మరదలు వాడి దుప్పటి సర్ది, దిండు మార్చి, వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పటికి పూర్తయింది.

“ఎప్పటికీ మొయ్యమనను. దించేముందు కింద ఎవరున్నారో చూడమంటాను.”

ఆ కంపెనీకి ఫోన్ చేశాను. పాటలు వినిపించారు, ఒకటి నొక్కు, నాలుగు నొక్కు అన్నారు. చివరికి ఒక మనిషి దొరికాడు. నా కోపమంతా పోగుచేసి పెట్టుకున్నాను కదా, ఆయన హలో అనగానే కుమ్మరించాను. ఆయన మధ్యలో అడ్డం రాలేదు. అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది, ఈయన చేతిలో ఏమీ లేదేమోనని.

“అమ్మా, మీ తమ్ముడుగారి సంగతి నాకర్థమైంది,” అన్నాడు. “కానీ ఆ భాష చూసే టీములో నేనొక్కణ్ణే మిగిలాను. ఆ తేదీ తర్వాత నన్నూ పంపించేస్తున్నారు.”

దొంగను పట్టుకుని తందామని వెళితే వాడింట్లోనూ దొంగలు పడ్డారన్నట్టు అయింది నా పని. అయినా ఊరుకోలేకపోయాను.

“నేను కుట్టుమిషన్లు రిపేరు చేస్తానండీ. ఏనాడో మూతపడ్డ కంపెనీల మిషన్లకి కూడా పార్టులు పెట్టుకుంటాను. ఎప్పుడో ఒకరు వస్తారని. మీకేం రోగం?”

“మీవి ఇనుముతో చేసినవమ్మా. పార్టు దొరక్కపోతే లేతు మీద తిప్పించుకుంటారు. ఇది అలా కాదు. రోజూ ఎవడో ఒకడు కనిపెట్టుకుని ఉండాలి. లేకపోతే ఎక్కడో కన్నం పడుతుంది, ఎవడో దూరతాడు, మళ్ళీ మా మీదికే వస్తుంది. ఎంతమంది కోసమని మనుషుల్ని పెట్టమంటారు?”

“సరే, పెట్టొద్దు. మీ షాపు మూసుకోండి. మూసుకునేవాడు వాడి తలుపుకి తాళం వేసుకుంటాడు గానీ, కొన్నవాడింట్లో మిషనుకి వేసి పోతాడా? నడవమంటారా అని ఆ అడిగేది తీసేసి పోండి. మాకు మీ సాయం వద్దు. మా దారిన మమ్మల్ని వదిలెయ్యండి.”

ఆయన మెల్లగా అన్నాడు. “నేనూ అదే రాసి పైకి పంపానమ్మా. కంపెనీ లాయర్లు ఒప్పుకోలేదు. తాళం తీసి వదిలేస్తే రేపేం జరిగినా మనమే జవాబు చెప్పాలన్నారు. మీరూ రాయండి. ఎక్కువమంది రాస్తే ఏమో, ఎవరికి తెలుసు.”

మా ఇంటి లాయరుకు ఎదురుగా అక్కడ అసలు లాయర్లున్నారన్నమాట. వాడికి చెబితే స్పీకర్లోంచి “హహ” అని వచ్చింది. నవ్వును కూడా అక్షరాలు ఏరుకుని నవ్వేవాడు.

అర్జీలు రాయడం మొదలుపెట్టాడు. పొద్దున్న మొహం తుడిచి స్విచ్ అతికించగానే కూర్చునేవాడు, కూర్చోవడం అంటే మాట వరసకే. మొదటి అర్జీలో వాడి వాదన ఎంత బాగుందంటే మరదలు చదువుతూ ఏడ్చింది. దాన్ని మెయిల్లో పంపితే, మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని ఆ నిమిషమే జవాబొచ్చింది. ఇంత తొందరగా చదివారా అని నేను సంబరపడితే, అది మనుషులు రాసింది కాదు వదినా అని మరదలు చెప్పింది.

వాడి పాత ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి చూశాడు. వాడూ ఆయనా పక్కపక్క బల్లల మీద పనిచేసినవాళ్ళు. కొత్త భాషలో మళ్ళీ రాయలేరా అని అడిగాను. రాయొచ్చు అన్నాడు. మిగతాది గుమ్మం దాకా వచ్చాక చెప్పాడు. “ప్రోగ్రామ్ పెద్దది కాదండీ. కానీ వెలుగు ఎక్కడ ఎంతసేపు ఆగాలి, కనుబొమ్మ వణికిందా నిజంగా లేచిందా, ఇవన్నీ వీడు ఏళ్ళ తరబడి తన ఒంటికి తగ్గట్టు సర్దుకున్నాడు. మళ్ళీ అంతా సర్దాలంటే నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ కనుబొమ్మ పనిచెయ్యాలి.”

కనుబొమ్మ అప్పటికే బద్ధకిస్తోంది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు, ఒకరితో ఒకరం అనుకోలేదు.

ఆఖరి తేదీ వచ్చింది, పోయింది. కంప్యూటర్ నడుస్తూనే ఉంది. కరెంటు పోయినా ఆగకుండా పెద్ద బ్యాటరీ పెట్టించాం. గోడ స్విచ్‌కు టేపు చుట్టి, మీద ‘ముట్టుకుంటే చంపుతా’ అని నేనే రాశాను. ఇల్లు ఊడ్చేటప్పుడు మరదలు ఆ మూలకు చీపురు కూడా పోనిచ్చేది కాదు. అదే మా కొంప ముంచింది. ఆపకుండా తిరిగే కంప్యూటర్ లోపలి ఫ్యానూ, ఊడవని మూలా. దుమ్మంతా ఫ్యాన్లోకి పోయింది.

మొదట సన్నగా కీచుమంది. తర్వాత గరగరమంది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. నా షాపులో రోజూ వినే చప్పుడే, బేరింగు ఎండిపోయి అరుస్తోంది. డబ్బా మీద చెయ్యి పెడితే కాలింది. ఇంకొన్నాళ్ళు పోతే ఫ్యాను బిగుసుకుపోతుంది, లోపలంతా మాడి తనంతట తనే ఆగిపోతుంది. ఆగితే ఇంక అంతే. ఆపకుండా బాగుచేద్దామంటే, తిరుగుతున్న మిషన్లో వేలు పెట్టినవాడికి వేలు మిగలదు, ఫ్యానుకు రెక్క మిగలదు.

వాడు రెండ్రోజులు ఆ చప్పుడు వింటూ పడుకున్నాడు. మూడో రోజు పొద్దున్న వాదన మొదలెట్టాడు.

“ఆపుదాం.”

“ఏం, బతుకు మీద విసుగొచ్చిందా?” అన్నాను.

“విను. అది ముందు కంపెనీని అడుగుతుంది. కంపెనీ అందకపోతే తారీఖు చూస్తుంది. పోయిన ఏడాది ఇచ్చిన అనుమతి దాని దగ్గరే ఉంది. ఇంటర్నెట్ వైరు పీకి, తారీఖు వెనక్కి పెట్టి ఆన్ చెయ్యండి. నడుస్తుంది.”

ఇది చెప్పడానికి వాడికి పొద్దుటి పూటంతా పట్టింది. మధ్యలో కనుబొమ్మ అలసిపోయి తప్పు అక్షరాలు పడ్డాయి. చెరిపాడు, మళ్ళీ ఏరాడు.

“కచ్చితంగానా?” అని మరదలు అడిగింది.

“ఆఫీసులో చేశాను.”

ఒప్పుకోవాలా వద్దా అని నేనూ మరదలూ వంటింట్లోకి వెళ్ళి మాట్లాడుకున్నాం. “వదినా, ఊరికే ఉంటే ఎలాగూ పోతుంది,” అంది తను. “ఆయన చెప్పినట్టు చేస్తే ఉండొచ్చు. ఆయన వాదనలో నేనెప్పుడూ తప్పు పట్టాను గానీ, ఆయన ప్రోగ్రాముల్లో పట్టలేదు.” నేనూ సరే అన్నాను. ఇప్పుడు ఎవరడిగినా అదే సరే అంటాను. ఇంకో దారి లేదు.

ఆదివారం షాపు సెలవు. నా బ్రష్షులు, సన్నటి స్క్రూడ్రైవర్లు, మిషను నూనె సీసా తెచ్చుకుని నేల మీద గుడ్డ పరిచాను. వాడు మంచం మీద నుంచి చూస్తున్నాడు. టేపు విప్పే ముందు ఆగాను.

“ఏమైనా చెప్పాలా?” అన్నాను. అడగ్గానే నాలుక కరుచుకున్నాను, చావబోయేవాణ్ణి అడిగినట్టు ఉంది.

కనుబొమ్మ రెండుసార్లు లేచింది. “నస ఆపు.”

మరదలు నవ్వింది. నేనూ నవ్వాను. వైరు పీకాను. స్విచ్ ఆపాను.

గదిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. ఫ్యాను విప్పి దుమ్ము తీస్తే గుప్పెడు వచ్చింది. ఇరుసు తుడిచి, ఒక్క చుక్క నూనె వేసి, వేలితో తిప్పాను. వెన్నలో తిరిగినట్టు తిరిగింది. అంత చక్కగా చేసిన రిపేరు నా బతుకులో ఇంకోటి లేదు. బిగించి ఆన్ చేశాను. చప్పుడన్నదే లేదు. తెర వెలిగింది. మరదలు తారీఖు పోయిన ఏడాదికి మార్చి, ప్రోగ్రామ్ మీద నొక్కింది.

అక్షరాల వరసలు రాలేదు. తెల్లటి పెట్టె ఒకటి వచ్చింది. ఈ ఉత్పత్తికి సపోర్ట్ ముగిసింది, అంతే. కింద ‘సరే’ అని ఒక బటన్. వేరే బటన్ లేదు.

మళ్ళీ ఆపి ఆన్ చేశాం. తారీఖు ఇంకా వెనక్కి పెట్టాం. మళ్ళీ అదే పెట్టె. మరదలు వాడి మొహంలోకి చూసి “ఇప్పుడేం చెయ్యాలి, చెప్పండి” అంది. వాడు చెప్పేది ఎలాగని మాకు ఆ క్షణంలో తట్టలేదు. కనుబొమ్మ మీద స్విచ్ అలాగే ఉంది. కనుబొమ్మ లేచింది. దిగలేదు. అలాగే ఎత్తి పట్టుకున్నాడు, నుదురంతా వణుకుతున్నా వదల్లేదు. నా మాట ఇంకా అవలేదు. స్పీకరు కిమ్మనలేదు. వాడి చూపు మాత్రం నేను పీకి నేల మీద పడేసిన ఇంటర్నెట్ వైరు మీద ఉంది.

అదేమిటో పాత ఆఫీసాయన వచ్చి చూశాక తెలిసింది. తేదీ దాటిన రోజునే కంపెనీ నుంచి ఆ వైరులోంచి కబురు వచ్చేసిందట, ఇది అయిపోయింది అని. నడుస్తున్నదాన్ని అది ఆపలేదు, గుర్తుపెట్టుకుని ఊరుకుంది. మళ్ళీ మొదలయ్యేటప్పుడు చెబుదామని. ఆ తేదీకి ముందే వైరు పీకేసి ఉంటే వాడి ఉపాయం పారేది.

“మరి ఎందుకు పీకలేదు? వాడికి తెలియదా?” అన్నాను.

ఆయన నా మొహంలోకి చూడలేదు. “అర్జీలు పంపుతున్నారు కదండీ.”

నిజమే. ఆఖరి రోజు సాయంత్రం దాకా పంపాడు. మర్నాడూ పంపాడు. ఎవరైనా మనిషి జవాబిస్తాడేమోనని వైరు ఉంచుకున్నాడు. ఎవర్ని బతిమాలుకున్నామో వాళ్ళ శిక్ష, మేం బతిమాలుకున్న దారినే వచ్చింది. నేను ఆ కంపెనీ నంబరుకు మళ్ళీ ఫోన్ చేశాను. ఆ పెద్దమనిషి లేడు. పాట కూడా లేదు.

ఆసుపత్రివాళ్ళు కొత్తది ఇచ్చారు. పల్చటి పలకలాంటిది, కళ్ళు ఎటు చూస్తున్నాయో అదే కనిపెడుతుంది. గొంతు బంగారం. కాకపోతే కళ్ళు ఒక అక్షరం మీద ఆగేలోపే ఇలా అనాలనుకుంటున్నారా అని మొత్తం వాక్యం తనే ముందుకు తోస్తుంది. వాడి రెప్పలు వాలిపోతుంటే, తోసింది తోసినట్టు పలికేస్తుంది. మొదటిరోజు నేను ఇంటికొచ్చి, సూది విరగ్గొట్టుకుని మిషనుదే తప్పన్న ఒకావిడ మీద ఎగురుతుంటే, గది లోంచి తియ్యగా వినిపించింది.

“మీ రోజు బాగా గడిచిందని ఆశిస్తున్నాను.”

వాడెప్పుడైనా నన్ను మీరు అన్నాడా! “నువ్వేనా అంది?” అని దగ్గరికెళ్ళి అడిగాను. వాడి చూపు పైకప్పు మీదికి పోయింది. కనుబొమ్మ రెండుసార్లు లేచింది. చాలా కొంచెం, చూడటం తెలిసినవాళ్ళకే తెలిసేంత. నేను ఏడుస్తూ నోరు మూసుకున్నాను.

తర్వాత తర్వాత అదీ లేవడం మానేసింది. పలక మాత్రం మాట్లాడుతూనే ఉంది. మరదలికి ధన్యవాదాలు చెబుతుంది, డాక్టరుకు శుభోదయం చెబుతుంది. ఎంత మర్యాదస్థుడండీ అని చూడవచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. అందులో వాడన్నది ఏదో, అది అన్నది ఏదో, వాడి పెళ్ళానికి కూడా తెలియదు. ఒకరోజు తను పలకను గోడవైపు తిప్పేసింది.

వాడు వింటాడని డాక్టరు చెబుతున్నాడు. మెదడుకేం కాలేదట, అంతా ఎప్పటిలాగే తెలుస్తుందట. ధైర్యానికి చెప్పాడో ఏమో గానీ, అంతకంటే ఘోరమైన మాట నేను వినలేదు. ఆ తల నిండా జవాబులున్నాయి.

పాత కంప్యూటర్ ఆ మూలనే ఉంది. ఫ్యాను ఇప్పటికీ చప్పుడు చెయ్యదు.

నేను మాత్రం షాపు కట్టేసి వచ్చి, చెప్పులు విప్పుతూ మొదలుపెడతాను. ఇవాళ ఎవరొచ్చారో, ఏమన్నారో, నేనేమన్నానో. మధ్యలో ఒకసారి అలవాటుగా ఆగుతాను. రెండుసార్లు కనుబొమ్మ లేచేంతసేపు ఆగుతాను. తర్వాత మళ్ళీ అందుకుంటాను. ఎంతసేపు మాట్లాడినా ఎవరూ ఆపమనడం లేదు.